గద్దసింగానికి ఒక లోపం

మార్చి 3

అక్కా,

ముందే చెప్పేస్తున్నాను, ఇది పనిపడి రాస్తున్న ఉత్తరం. పని లేకపోతే రాయవా అంటావు. రాయను. నా బద్ధకం నీకు కొత్త కాదు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో మనిద్దరం మూడు ముక్కలు మాట్లాడగానే గొడవపడతాం, నువ్వు ఠక్కున పెట్టేస్తావు. కాగితం మీదైతే నన్ను చివరిదాకా భరించక తప్పదు.

మా ప్రెస్ సంగతి తెలుసుగా. బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ ఆడే కథల ఆటలకు పుస్తకాలు వేస్తాం. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుంటారు, ఆట పెద్ద కథ నడుపుతాడు. చిన్నప్పుడు మంచం కింద మనం ఆడుకున్నదే, కాకపోతే దానికి ఇప్పుడు రంగుల అట్ట. అప్పుడు ఆట పెద్దవి ఎప్పుడూ నువ్వే, చచ్చిపోయే భటుణ్ణి ఎప్పుడూ నేనే.

ఇన్నాళ్ళూ పక్కవాళ్ళ పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దిన నాకు మా మేడమ్ మొదటిసారి ఒక జాతిని మొత్తంగా అప్పగించింది. ముందు సగం గద్ద, వెనక సగం సింహం. మనిషిలా మాట్లాడుతుంది, మనిషిలా అలుగుతుంది. పేరు గద్దసింగం అని పెట్టాను. అయితే ఇది ఎగరలేదు. ఎగిరే జాతిని పెడితే ఆటలో కొండలూ గోడలూ అన్నీ దండగ అని మేడమ్ ముందే చెప్పింది. కాబట్టి ఇది ఎత్తైన చోటికి గోళ్ళతో పాకి ఎక్కాలి, అక్కణ్ణుంచి దూకి రెక్కలు చాచి తేలుకుంటూ దిగాలి. మళ్ళీ పైకి పోవాలంటే మళ్ళీ పాకాల్సిందే.

నాకా, రెండో అంతస్తు వరండాలో నిలబడితేనే కళ్ళు తిరుగుతాయి. నువ్వు చూస్తే పొద్దస్తమానం క్రేన్ నెత్తి మీద కూర్చుంటావు. పైనుంచి నేల ఎలా ఉంటుంది? భయం ఎక్కడ మొదలవుతుంది? తీరిగ్గా రాయి. నా ఉద్యోగం నీ చేతిలో పెడుతున్నాను.

నీ చచ్చిపోయే భటుడు


మార్చి 11

ఒరేయ్ చిన్నోడా,

పనిపడి రాశానని ఒప్పుకున్నావు కాబట్టి సగం క్షమించాను. మిగతా సగం నువ్వొచ్చి మొహం చూపించాక.

భయం పైన ఉండదురా. నిచ్చెన మధ్యలో ఉంటుంది. అక్కడ కింద వాళ్ళ మాటలు వినపడటం ఆగిపోతుంది, పైన క్యాబిన్ ఇంకా అందదు. ఆ కాస్త దూరంలో ఇప్పటికీ నా అరచేతులు చెమటపడతాయి. తలుపు వేసుకుని కూర్చున్నాక ఇంక ఏమీ ఉండదు. క్యాబిన్ అంటే పెద్ద హోదా అనుకోకు, బట్టల బీరువాకి కాస్త ఎక్కువ. పాదాల మధ్య అద్దం. అందులోంచి చూస్తే మనుషులు ఉండరు, హెల్మెట్లు నడుస్తుంటాయి. తెల్లది ఇంజినీరు, పసుపువి కూలీలు, ఎర్రది మా ఈలన్న.

నాకు కళ్ళూ చెవులూ ఈలన్నే. కొక్కేనికి తగిలించిన లోడ్ ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో కింద నిలబడి ఆయనే చెబుతాడు. వాకీటాకీలో గరగర తప్ప ఏమీ వినపడదు, అందుకని ఆయన ముందు ఈల వేస్తాడు, తర్వాత చెయ్యి ఎత్తుతాడు. పిడికిలి బిగించి పైకెత్తితే ఆపెయ్యమని. నేను అక్కడ చేరినప్పటి నుంచి ఆ చేతినే నమ్ముకుని పని చేస్తున్నాను. ఆయన అసలు పేరు జీతాల రోజున పిలిస్తే ఆయనే పలకడు, పక్కవాడు మోచేత్తో పొడవాలి. వాళ్ళావిడని వదినా అంటాను, వాళ్ళూ నేనూ ఒకే వరస క్వార్టర్స్‌లో ఉంటాం. ఆవిడ టీ ఇచ్చి పంచదార సరిపోయిందా అని అడుగుతుంది గానీ, సరిపోలేదంటే ఊరుకోదు.

నీ గద్దసింగానికి కావలసిన గద్ద కూడా ఇక్కడే ఉంది. మా క్రేన్ చెయ్యి చివర కూర్చుంటుంది. లోడ్ కదిలితే విసుక్కుని లేచిపోతుంది. మా ఇద్దరికీ మాటల్లేవు, పరిచయం ఉంది. ఒకసారి రెక్క చాచిందంటే ఇక ఆడించదు. అలా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చూస్తూ ఉంటే ఒళ్ళు మరిచిపోతాను, కింద ఈలన్న ఈల వేసేదాకా ఈ లోకంలో ఉండను. ఇది మా ఇంజినీరు చెవిన వెయ్యకు.

గద్దసింగానికి ముక్కు కాస్త పెద్దది పెట్టు.

అక్క


మార్చి 20

అక్కా,

నీ ఉత్తరం మేడమ్‌కి చదివి వినిపించాను. నిచ్చెన మధ్య భయం ఆవిడకి తెగ నచ్చింది. గద్దసింగాలకు 'నడిమెట్టు' అని ఒక నియమం పెట్టేశాం. సగం ఎక్కాక పాచిక వేసి గెలవాలి, లేకపోతే ఆ వంతుకి అక్కడే గోడకి కరుచుకుని ఉండాలి. ఆడి చూసినవాళ్ళు భలే ఉందన్నారు. అది నా బుర్రలోంచి వచ్చిందనుకుని వీపు తట్టారు. నేను కాదనలేదు.

ఇప్పుడు ఒక చిక్కు. మేడమ్ అడిగింది, రెక్క ఆడించకుండా పైకి లేవడం కుదురుతుందా అని. కుదిరితే ఆటలో ఒక్కసారికి వాడుకునే విద్యగా పెట్టొచ్చు. పుస్తకాలు తిరగేస్తే వేడిగాలి అనీ అదనీ ఇదనీ ఏవో రాశారు గానీ నాకు కళ్ళకు కట్టట్లేదు. నీ గద్దని కాస్త గమనించవూ? పైకి లేచే ముందు తోక ఎటు వంచుతుంది, రెక్క కొసలు ఏం చేస్తాయి, ఎక్కడ తిరగడం మొదలుపెడుతుంది? అంతా తెలియాలి. దీనికోసం సెలవు పెట్టక్కర్లేదు, పని మధ్యలో ఒక కన్ను అటు వేసి ఉంచు చాలు.

నెలాఖరుకి కావాలి. కొంచెం తొందర పెడుతున్నానని తెలుసు.

ముక్కు పెద్దదే పెట్టాం. బొమ్మలు గీసే ఆవిడకి నీ ఫొటో ఇచ్చాను.

తమ్ముడు


ఏప్రిల్ 6

చిన్నోడా,

నెలాఖరు దాటిపోయింది. పని కుదరలేదు.

ఈలన్నకి దెబ్బ తగిలింది. చువ్వల కట్ట ఊగి పరంజాకి తగిలితే పైనున్న గొట్టం ఒకటి ఊడి ఆయన భుజం మీద పడింది. కుడి భుజం. ఆపరేషన్ చేశారు. ప్రాణానికి ఏమీ లేదన్నారు. చెయ్యి మునుపటిలా పైకి లేస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

నువ్వడిగింది: ఎండ బాగా కాగిన స్లాబు మీదికి వచ్చాక గద్ద తోక విసనకర్రలా విప్పి ఒక పక్కకి వంచుతుంది. రెక్క కొసల ఈకలు వేళ్ళలా విడిపోతాయి. అక్కడే గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంది. రెక్క ఒక్కసారి కూడా ఆడించదు. బాగా చూశాను.

ఇక గద్ద గురించి నన్ను అడగకు.

అక్క


ఏప్రిల్ 14

అక్కా,

ఈలన్న సంగతి చదివి మనసు చివుక్కుమంది. నేను ఆయన్ని చూసింది లేదు గానీ నీ ఉత్తరాల వల్ల మా వీధివాడిలా అనిపిస్తాడు. నయమవుతుందిలే, గట్టి మనిషి.

అయినా నీ ఉత్తరం ఏమిటి అలా పుల్ల విరిచినట్టుంది? ఫొటో ఇచ్చానని కోపం వచ్చిందా? బొమ్మ వచ్చాక చూస్తే గద్దసింగం అచ్చం నువ్వే. విసుగ్గా కిందికి చూస్తూ, నువ్వొక్కదానివే ఈ ప్రపంచాన్ని మోస్తున్నట్టు. నవ్వుకుంటావనుకున్నాను. తప్పయితే చెంపలేసుకుంటాను.

గద్ద పైకి లేచే వైనం మాత్రం అద్భుతం. ఒక్క అక్షరం మార్చకుండా పెట్టేశాం.

ఈలన్నకి మంచం మీద పొద్దుపోవాలి కదా. జాతి మొత్తం రాసిన చిత్తుప్రతీ, పాచికల డబ్బా ఈ పార్సిల్లో పెడుతున్నాను. ఎడం చేత్తో వేసినా పాచిక పాచికే. నువ్వూ వదినా ఆయనతో ఆడండి, ఎక్కడ తికమకగా ఉందో రాయండి.

చివరి పేజీ కొత్తది. గద్దసింగం మరీ బలంగా ఉంది, అందరూ ఇదే తీసుకుంటారు, ఏదో ఒక లోపం పెట్టమని మేడమ్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. కిందామీదా పడి ఒకటి పెట్టాను. 'పరధ్యానం: ఎత్తున ఉన్న గద్దసింగం గాలిలో మరో రెక్కని చూస్తే దాని వెంటే చూపు పోతుంది. ఆ వంతులో కిందనున్న తోటివాళ్ళు పిలిచినా వినపడదు. వాళ్ళకు జరిగే నష్టాన్ని అది ఆపలేదు.' ఎలా ఉంది? ఇది చదివి మా ఆఫీసులో అందరూ తెగ నవ్వారు.

తమ్ముడు


ఏప్రిల్ 23

ఒరేయ్,

ఇంత దూరం నుంచి ఇంత సూటిగా గుచ్చడం ఎప్పుడు నేర్చుకున్నావు?

నీకెవరు చెప్పారు? ఇక్కడ ఎవరికీ తెలియదు. పైన నేనొక్కదాన్నే ఉన్నాను. ఊహించావా? ఊహిస్తే ఉత్తరంలో ఒక్క ముక్క అడగొచ్చు కదా, అక్కా ఏం జరిగింది అని. అడగకుండా దాన్నొక ఆట నియమం చేసి, అచ్చంగా నా మొహం గీయించి, ఆఫీసులో అందరి చేతా నవ్వించి, తీసుకెళ్ళి ఈలన్న చేతే ఆడించమని పార్సిల్ కట్టి పంపుతావా?

వదిన ఆ పేజీ పైకి చదువుతుంటే నా మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన మాత్రం "ఇదేదో బాగుందే" అని నవ్వాడు.

సరే, నా నోటితోనే వినాలనుకున్నావు కాబట్టి విను. ఆ రోజు చువ్వల కట్ట కొక్కేనికి ఉంది. గద్ద స్లాబు మీదికి వచ్చింది. తోక విప్పింది. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని చూస్తున్నాను. ఈల వినపడింది. వినపడిందిరా. ఒక్క చుట్టు, ఒక్క చుట్టు చూసి తిరుగుదామనుకున్నాను. తల దించేసరికి ఆయన పిడికిలి అప్పటికే పైన ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో నాకు తెలియదు.

ఇంజినీరు ఆఫీసులో సైగ ఆలస్యమైందని రాసేశారు. ఎవరూ నన్నడగలేదు. అడగకపోతే ఎందుకు చెప్పాలి అనుకున్నాను. ఈలన్న కూడా అదే నమ్ముతున్నాడు. ఆ రోజు చెమట తుడుచుకుంటూ చెయ్యి ఆలస్యంగా ఎత్తానేమో అంటాడు. నేను వెళ్ళిన ప్రతిసారీ, "నా వల్ల నువ్వు ఎంత హడలిపోయావో కదమ్మా" అని ఆయనే నాకు సారీ చెబుతాడు.

ఆ పేజీ చింపెయ్.

అక్క


ఏప్రిల్ 29

అక్కా,

నాకు ఎవరూ చెప్పలేదు. ఊహించలేదు కూడా. ఒట్టు.

ఆ లోపం నీ ఉత్తరంలోంచే తీసుకున్నాను, మార్చిలో నువ్వు రాసిన దాంట్లోంచి. ఒళ్ళు మరిచిపోతాను అన్నావే, అది చదివి ముచ్చటేసింది. కిందవాళ్ళకి నష్టం అనేది బరువు కోసం చేర్చాను. ఊరికే, కలం ఆడింది కదా అని.

నీ ఉత్తరం వచ్చాక నేను నీకు రాసినవి ఏమిటా అని గుర్తు చేసుకున్నాను. పని మధ్యలో ఒక కన్ను అటు వేసి ఉంచు చాలు అని రాసింది నేను. నెలాఖరుకి కావాలని తొందర పెట్టింది నేను. తర్వాత గద్ద వైనం అద్భుతం, ఒక్క అక్షరం మార్చలేదు అని చంకలు గుద్దుకున్నదీ నేనే. అన్నం సహించట్లేదు. కుర్చీలో కూర్చుంటే నిప్పుల మీద కూర్చున్నట్టుంది. ఒక మనిషి భుజం నా ఆటలో ఒక్కసారి వాడుకునే విద్యకి ఖర్చయిపోయింది.

గద్దసింగాన్ని పుస్తకంలోంచి తీసేయమని మేడమ్‌ని అడుగుతాను.

నువ్వు మాత్రం ఎవరికీ ఏమీ చెప్పకు. నేను బాగా ఆలోచించే అంటున్నాను. చెప్తే ఆయన భుజం అతుక్కోదు, నీ లైసెన్సు మాత్రం పోతుంది. కాగితాల్లో రాసేసింది రాసేశారు. కొన్నాళ్ళు పోతే అందరూ మరిచిపోతారు. తప్పు నాది, దాన్ని నేను మోస్తాను. నువ్వు ధైర్యంగా ఉండు.

తమ్ముడు


మే 8

చిన్నోడా,

నువ్వు చెప్పమంటావనుకున్నాను. చెప్పమని నువ్వు తిడితే, ఆ ఊపులో వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను. నువ్వు వద్దన్నావు, నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తోంది.

రోజూ పని అయ్యాక వాళ్ళింటికి వెళ్ళి ఆట ఆడుతున్నాం. ఈలన్నకి ఆట పిచ్చి పట్టుకుంది. ఎడం చేత్తో పాచిక వేస్తాడు, నచ్చని అంకె పడితే మంచం కదిలిందని మళ్ళీ వేస్తాడు. వదిన ఆట పెద్ద, మొగుడని కూడా చూడకుండా కొండచిలువని మీదికి వదిలింది. ఆయన గద్దసింగమే తీసుకున్నాడు. ఒకసారి గోపురం మీద ఉండగా ఆకాశంలో ఏదో పక్షి వచ్చింది, దాని వెంటే చూపు పోయింది, కింద నా సైన్యం మొత్తం పోయింది. "పాపం, అది మాత్రం ఏం చేస్తుంది, దాని గుణం అది" అన్నాడు, గద్దసింగాన్ని వెనకేసుకొచ్చి. చేతిలో పాచిక అక్కడే పెట్టేశాను. లేచి వచ్చేశాను.

నిన్న ఇంజినీరు వాళ్ళింటికి వచ్చి, చెయ్యి నయమయ్యాక స్టోరు గదికి కాపలాగా రమ్మన్నాడట. సైగల పని ఇక వద్దట, వయసు మీద పడింది కదా, చూపు మందగించి ఉంటుంది అని. ఆయన సరేనన్నాడట. నాతో మాత్రం, "నిజమేనమ్మా, నా చెయ్యి నమ్మడానికి నాకే భయంగా ఉంది" అన్నాడు.

చిన్నోడా, ఆ చెయ్యి సరైన సమయానికే లేచింది. అది ఈ ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. ఆ మాట దాచుకుని ఆయనింట్లో టీ తాగుతున్నాను.

అక్క


మే 16

అక్కా,

నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిన్ను ఊరుకోమన్నది నీ కోసం కాదు. నువ్వు చెబితే, గద్దని ఎందుకు చూశావని అడుగుతారు, అక్కడ నా పేరు వస్తుంది. అదే నా భయం. ఇన్నాళ్ళూ నీ మంచి కోరుతున్నానని నన్ను నేనే నమ్మించుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, రాయకపోతే ఇంకా సిగ్గు.

స్టోరు కాపలా సంగతి చదివాక ఆగలేకపోయాను. నీకు చెప్పకుండా ఒక పని చేశాను. ఈలన్నకే ఉత్తరం రాసి, మీ క్వార్టర్స్ చిరునామాకి పోస్ట్ చేశాను. గద్దని చూడమని అడిగింది నేననీ, నువ్వు నా కోసమే చూశావనీ, ఆయన చెయ్యి ఆలస్యం కాలేదనీ, నీ తప్పు ఏమీ లేదనీ, తిట్టాలంటే నన్నే తిట్టమనీ రాశాను. నీకు చెప్పే బాధ తప్పుతుంది. ఇకనైనా కంటినిండా నిద్రపో.

తమ్ముడు


మే 27

ఒరేయ్,

నాకు చెప్పే బాధ తప్పించావు. ఎంత బాగా తప్పించావో విను.

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. నాది నేను అప్పటికి విప్పలేదు. ఆ పొద్దున సెలవు పెట్టి, ఉతికిన చీర కట్టుకుని, అద్దం ముందు మాటలు వల్లె వేసుకుని, ఈలన్నకి చెప్పడానికే బయల్దేరాను. గుమ్మంలో అడుగు పెట్టేసరికి వదిన చేతిలో నీ కాగితం ఉంది. చదవడం అయిపోయింది. ఆవిడ నాకు కుర్చీ వెయ్యలేదు.

ఈలన్న ఎడం చేత్తో ఆ కాగితం అందుకుని తలగడ కింద పెట్టాడు. తర్వాత, "నీ తమ్ముడు బాగా రాస్తాడు. నువ్వెప్పుడు చెబుతావు?" అన్నాడు.

చెప్పడానికే వచ్చానన్నా అన్నాను. ఎవరు నమ్ముతారురా? చిలక్కి నేర్పినట్టు నేర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. గద్దని చూస్తున్నాను, ఈల వినపడింది, వినపడినా తల దించలేదు అన్నాను. అంతే. నీ ఉత్తరంలో నా తప్పేమీ లేదని రాశావట. ఉందన్నా అని చెప్పాను. అడిగింది తమ్ముడైనా చూసింది నేను. ఈల విన్న చెవి నాది.

"మంచం మీద పడుకుని రోజూ ఈ చేతిని తిట్టుకున్నాను. నువ్వు ఎదురుగా కూర్చుని పాచికలు వేశావు" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"నాకు చెప్పింది చాల్లే. రాసినవాళ్ళకి చెప్పు."

అటు నుంచి అటే ఇంజినీరు గదికి వెళ్ళాను. ఆయన ముందు నవ్వాడు, తర్వాత తలుపు వేసి, ఇప్పుడెందుకమ్మా ఇదంతా అన్నాడు. రాసింది మార్చేదాకా కుర్చీలోంచి లేవనన్నాను. మార్చారు. ఈలన్నకి స్టోరు కాపలా రద్దయింది, భుజం కుదిరాక పాత పనికే రమ్మన్నారు. నన్ను క్రేన్ దింపేశారు. కింద లోడ్లకి తాళ్ళు కట్టే పని ఇచ్చారు. మళ్ళీ పరీక్ష పెట్టి అప్పుడు చూస్తారట. పెడతారో లేదో.

సాయంత్రం ఇంటికొచ్చి నీ ఉత్తరం విప్పాను. నీ మీద ఎంత కోపం రావాలో అంత రావట్లేదు. నువ్వు నన్ను కాపాడబోయి నా దగ్గర మిగిలిన ఒక్క పనీ లాక్కున్నావు, పోనీలే అనలేను. కానీ సిగ్గుగా ఉందని రాశావు చూడు, ఆ మాట పట్టుకుని పడుకున్నాను.

వదిన ఎదురుపడితే తల తిప్పుకుంటోంది. పాచికల డబ్బా వాళ్ళింట్లోనే ఉండిపోయింది. అడగడానికి మొహం చెల్లట్లేదు.

అక్క


జూన్ 5

అక్కా,

ఏం రాయాలో తెలియక రెండు కాగితాలు చింపాను. సారీ అని రాస్తే అది కూడా నా బరువు నీ నెత్తిన పెట్టినట్టే ఉంది.

గద్దసింగాన్ని తీసేయమని మేడమ్‌ని అడిగాను. ఎందుకని అడిగితే మొత్తం చెప్పాను, నడిమెట్టు నీదని కూడా. నన్ను చెడామడా తిట్టింది. తీసేయడం సంగతి నన్ను కాదు, మీ అక్కనూ ఆ పెద్దమనిషినీ అడుగు అంది. నువ్వు తీసెయ్యమంటే ఈ రోజే తీసేస్తాను.

ఈసారి నువ్వు చెప్పేదాకా ఏమీ చెయ్యను.

తమ్ముడు


సెప్టెంబరు 19

చిన్నోడా,

ఇన్నాళ్ళు జవాబు రాయకపోవడం నీ మీద కోపంతో కాదు. నువ్వడిగింది నేనొక్కదాన్నే చెప్పేది కాదు, రెండో మనిషి మొన్నటిదాకా నాతో మాట్లాడలేదు.

ఈలన్న ఆగస్టులో పనిలోకి వచ్చాడు. కుడి చెయ్యి భుజం దాటి లేవదు. ఇప్పుడు సైగలు ఎడం చేత్తో. ఇన్నేళ్ళ అలవాటు మార్చుకోవాలి కదా, భోజనాలప్పుడు ఒక మూల నిలబడి ఒక్కడే పిడికిలి ఎత్తుతూ దించుతూ ఉండేవాడు. నేను తాళ్ళు కడుతూ చూసేదాన్ని. చూస్తున్నానని ఆయనకి తెలుసు. వాళ్ళింటి పక్క నుంచి వస్తుంటే పాచికల చప్పుడు వినపడేది. క్వార్టర్స్‌లో సగం మంది అక్కడే. వదిన ఆట పెద్దరికం ఊరంతా పాకింది. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా నడక తొందర చేసేదాన్ని.

పోయిన వారం తాడు ముడి బిగిస్తుంటే ఎర్ర హెల్మెట్ వచ్చి పక్కన నిలబడింది.

"మీ తమ్ముణ్ణి ఒకటి అడుగు. ఆ పుస్తకంలో కింద నిలబడేవాడు లేడేం?"

ఆ పాత్ర లేదన్నా అన్నాను.

"అదే అడుగుతున్నా. పైన ఉండేదానికి ముక్కు దగ్గర్నుంచి తోక దాకా రాశాడు. అది దూకుతుంటే కింద ఎవడో ఒకడు ఉంటాడు కదా, వాడి మీదే కదా పడేది. నాకు రెక్కలొద్దు. నాకు వాణ్ణి ఇమ్మను."

చెప్పి వెళ్ళిపోబోయి మళ్ళీ ఆగాడు. "ఆ లోపం తియ్యొద్దను. అది లేకపోతే ఆటే లేదు" అన్నాడు.

కాబట్టి నీకు జవాబు దొరికింది. గద్దసింగాన్ని తియ్యకు, పరధ్యానం తియ్యకు. నా మొహం కూడా అలాగే ఉండనీ. కింద నిలబడేవాణ్ణి మాత్రం రాయి. రెక్కలుండవు, గోళ్ళుండవు, బలం మామూలే. కానీ వాడు చెయ్యి ఎత్తనిదే గద్దసింగం దూకకూడదు. ఎందుకు ఎత్తలేదని అడగకూడదు. ఇది ఈలన్న పెట్టిన నియమం, ఈసారైనా ఎవరి బుర్రలోదో పుస్తకంలో రాయించు. మేడమ్‌కి నా నమస్కారాలు.

ఇంకోటి. నాకు మళ్ళీ పరీక్ష పెట్టారు, గట్టెక్కాను. పైకి పంపాలా వద్దా అని ఇంజినీరు తేల్చుకోలేక ఈలన్ననే అడిగాడట. "ఎక్కనివ్వండి. కింద నేనే ఉంటాను" అన్నాడట. అది క్షమించడమో, పరీక్ష పెట్టడమో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా.

నిన్న ఎక్కాను. నడిమెట్టు దగ్గర మునుపటి కన్నా ఎక్కువసేపు కరుచుకుని ఉండిపోయాను, నీ పాచిక ఓడిపోయినట్టు. క్యాబిన్‌లో కూర్చుని అద్దంలోంచి చూస్తే ఎర్ర హెల్మెట్ ఉంది. మొదటి లోడ్ అదే, చువ్వల కట్ట. ఈల వేశాడు. ఎడం చేత్తో మెల్లగా ఎత్తమన్నాడు, ఎత్తాను. తిప్పమన్నాడు, తిప్పాను. స్లాబు పక్కకి వచ్చాక పిడికిలి బిగించి ఆపెయ్యమన్నాడు. ఆపాను.

ఇక దించమనాలి. అనలేదు. పిడికిలి అలాగే పట్టుకున్నాడు. వాకీటాకీలో ఇంజినీరు ఏదో అరుస్తున్నాడు. ఈలన్న కదల్లేదు, నేనూ కదల్లేదు. లోడ్ గాలిలో ఆగిపోయి ఉంది, నా కళ్ళు ఆ చేతి మీద ఉన్నాయి, కళ్ళలో నీళ్ళు వచ్చినా రెప్ప వెయ్యడానికి భయం వేసింది. ఎప్పటికి దించమన్నాడో చెప్పలేను. దించాను, దుమ్ము కూడా లేవలేదు.

ఆ మధ్యలో గద్ద వచ్చింది. దాని నీడ స్లాబు మీద నుంచి వచ్చి ఈలన్న హెల్మెట్ మీదుగా వెళ్ళింది, అది మాత్రం చూశాను. తల ఎత్తలేదు.

అక్క